పాత ఇంజనుకు కొత్త బుర్ర: డీసీసీ ఖర్చు ఎక్కడ గిట్టుతుంది, ఎక్కడ గిట్టదు

పోయిన చలికాలం నాకు తమ్ముడి వరసయ్యే కుర్రాడొకడు ఒహాయోలో మోడల్ రైళ్లమ్మే ఒక ట్రైన్ షోకి వెళ్లి, హెచ్‌వో అనే చిన్న సైజులో ఐదు పాత మోడల్ రైలు ఇంజన్లున్న అట్టపెట్టెను 120 డాలర్లకు పట్టుకొచ్చాడు. ఆ రాత్రే ఫోన్ చేశాడు. "అన్నా, ఒక్కోటి 24 పడింది. ఒక్కోదానికి 30 డాలర్ల డీకోడర్ పెట్టేస్తే 54లో పని అయిపోతది కదా?"

"అయిపోతది తమ్మీ, కాగితం మీద" అన్నాను.

వాడి లెక్కలో తప్పేం లేదు. డీసీసీ అంటే డిజిటల్ కమాండ్ కంట్రోల్, ఒక్కో ఇంజన్‌ను దాని నంబరుతో విడిగా నడిపే పద్ధతి. దానికోసం ఇంజన్ లోపల పెట్టే చిన్న సర్క్యూటే డీకోడర్, అది నిజంగానే 30 డాలర్లకు దొరుకుతుంది. అయితే ఈ పనిలో డబ్బు తినేది డీకోడర్ కాదు. పాత మోటారును దానికి తగ్గట్టు సిద్ధం చేయడం, ఆజ్ఞలు పంపే కంట్రోల్ పెట్టె కొనడం, సోల్డరింగ్ రాకపోతే షాపువాడికిచ్చే కూలి... ఖర్చంతా అక్కడుంది. అందుకే ఐదు ఇంజన్లనూ బల్ల మీద వరసగా పెట్టి, ఏది మార్చాలి, ఏది అలాగే ఉంచాలి, ఏది అమ్మాలి అని ఒక్కోటిగా చూశాం. ఆ చూసిన పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. ధరలన్నీ అమెరికాలో నేను చూస్తున్నవి, ఐదో పదో అటూ ఇటూ అవుతాయి.

అసలు ఏం మారుతుంది?

పాత డీసీ పద్ధతిలో పట్టాల్లో పారే వోల్టేజీయే యాక్సిలరేటర్. నాబ్ తిప్పితే వోల్టేజీ పెరుగుతుంది, ఆ పట్టా మీద ఉన్న ఇంజన్లన్నీ కలిసి పరిగెడతాయి. ఒకటి ఆగి ఇంకొకటి కదలాలంటే పట్టాను ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్కకూ ఒక స్విచ్ పెట్టుకోవాలి. డీసీసీలో పట్టాల్లో ఎప్పుడూ పూర్తి కరెంటు ఉంటుంది, హెచ్‌వోకైతే సుమారు 14 వోల్టులు. ఆ కరెంటులోనే ఆజ్ఞలు కలిసి వెళ్తాయి. వీధి చివర నిలబడి పోస్ట్‌మ్యాన్ డోర్ నంబరు అరిచినట్టనుకోండి. అందరికీ వినిపిస్తుంది, ఆ నంబరువాళ్లే తలుపు తీస్తారు. ఇంజన్ లోపలి డీకోడర్ పని అదే: తన నంబరు వినగానే మోటారుకు ఎంత ఇవ్వాలో అంత ఇస్తుంది, దీపం వెలిగిస్తుంది, హారన్ కొడుతుంది.

ఈ పద్ధతి జర్మనీలోని లెంజ్ సంస్థ పనిలోంచి పుట్టింది. 1990లలో అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ దాన్ని ప్రామాణికంగా తీసుకుంది. దానివల్ల కొనేవాడికి కలిగిన మేలు ఒక్కటే, కానీ పెద్దది: ఒక కంపెనీ కంట్రోల్ పెట్టెతో ఇంకో కంపెనీ డీకోడర్ నడుస్తుంది. తీగల రంగులు కూడా అందరికీ ఒకటే. ఎరుపు, నలుపు పట్టాల నుంచి వచ్చేవి. నారింజ, బూడిద మోటారుకు వెళ్లేవి. తెలుపు ముందు దీపం, పసుపు వెనక దీపం, నీలం దీపాలన్నిటికీ ఉమ్మడి ప్లస్. ఈ ఏడు రంగులు నోటికి వస్తే సగం భయం పోతుంది.

కంట్రోల్ పెట్టె: ఒక్కసారి పెట్టే ఖర్చు

మొదటిసారి డీసీసీలోకి దిగేవాళ్లు ఎక్కువగా ఎన్‌సీఈ పవర్ క్యాబ్ దగ్గరో, డిజిట్రాక్స్ జెఫిర్ దగ్గరో ఆగుతారు. రెండూ 200 నుంచి 300 డాలర్ల మధ్య. పవర్ క్యాబ్ చేతిలో పట్టుకుని పట్టా వెంట నడవడానికి బాగుంటుంది. జెఫిర్ బల్ల మీద కూర్చుంటుంది, దాని పెద్ద లివరు పిల్లలకు నచ్చుతుంది. నన్నడిగితే ఇంట్లో చిన్న లూప్ వేసుకునేవాళ్లకు రెండూ సమానమే. మీ దగ్గర్లోని క్లబ్బులో ఏది వాడుతుంటే అది కొనండి. రాత్రి పది గంటలకు ఏదో పని చేయకపోతే ఫోన్ చేసి అడగడానికి మనిషి ఉంటాడు.

మూడో దారి డీసీసీ-ఈఎక్స్. ఆర్డ్వినో మెగా అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద పట్టాలకు కరెంటు ఇచ్చే మోటార్ షీల్డ్ ఒకటి పెట్టి, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే అదే కంట్రోల్ స్టేషన్ అవుతుంది. ఫోనే థ్రాటిల్, అంటే వేగం మార్చే పిడి. ఆండ్రాయిడ్‌లో ఇంజన్ డ్రైవర్, ఐఫోన్‌లో వైథ్రాటిల్ అనే యాప్‌లున్నాయి. పవర్ అడాప్టర్‌తో కలిపినా వంద డాలర్ల లోపే తేలుతుంది. మనవాళ్లలో సాఫ్ట్‌వేర్ వాళ్లకు కొదవ లేదు కాబట్టి ఇది చాలామందికి సరిపోతుంది. కానీ రోజంతా ఆఫీసులో బగ్గులు చూసి వచ్చాక ఇంట్లో కూడా బగ్గులే చూడాలా అనిపించే రకమైతే పెట్టె కొనుక్కోవడమే సుఖం. నేను ఆ రకం.

ఈ ఖర్చును ఇంజన్ల సంఖ్యతో భాగించి చూడాలి. 220 డాలర్ల పెట్టెతో రెండే ఇంజన్లు నడిపితే ఒక్కోదాని మీద 110 పడినట్టు. పది నడిపితే 22. ఒక్క ఇంజను, ఒక్క గుండ్రటి పట్టా ఉన్నవాళ్లకు డీసీసీ గిట్టదని నేను మొహమాటం లేకుండా చెబుతాను. ఒకే ఇంజను తిరిగే చోట ఎవరికి నంబరు పెట్టి పిలవాలి?

డీకోడర్ కొనకముందు ఇంజన్‌కు చేయాల్సిన పరీక్షలు

అసలు నిర్ణయం ఇక్కడే జరుగుతుంది. కనుక ఈ భాగం నిదానంగా చదవండి.

మొదటిది నడక. పాత డీసీ కంట్రోలర్ మీదే ఇంజన్‌ను చాలా మెల్లగా నడిపించండి. కుంటుతూ, ప్రతి చుట్టుకూ ఒకే చోట "టక్" మంటూ వెళ్తుంటే గేర్ పగిలిందని అర్థం. ముప్పై ఏళ్ల కిందటి మోడళ్లలో ఇరుసు మీది ప్లాస్టిక్ గేర్లు నిలువునా చీలడం మామూలు. ఆ గేర్లు ఐదారు డాలర్లకు దొరుకుతాయి, మార్చడం అరగంట పని. ముందు అది చేయాలి. ఎండిపోయిన గ్రీజు తుడిచి, ప్లాస్టిక్‌ను తినని తేలిక నూనె ఒక్క చుక్క వేయాలి, చక్రాలు తుడవాలి. డీసీ మీద బాగా నడవని ఇంజన్ డీసీసీ మీద బాగా నడుస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఎడ్లబండికి జీపీఎస్ కట్టినట్టే ఉంటుంది.

రెండోది ఆకలి. మోటారు ఎంత కరెంటు తింటుందో చూడాలి. 12 వోల్టుల సప్లైకి మల్టీమీటర్‌ను వరసలో కలిపి, మోటారు తిరుగుతుండగా ఫ్లైవీల్‌ను, అంటే మోటారు కడ్డీ మీది బరువు చక్రాన్ని, వేలితో ఒక్క సెకను ఆపండి. ఆ క్షణంలో మీటరు చూపించేదే స్టాల్ కరెంట్. హెచ్‌వో డీకోడర్లు సాధారణంగా నిలకడగా ఒక ఆంపియరు, క్షణకాలం రెండు ఆంపియర్లు తట్టుకుంటాయి. ఇప్పటి క్యాన్ మోటార్లు, అంటే డబ్బాలా మూసి ఉండేవి, ఆపినా ఒక ఆంపియరు దాటవు. పాత ఓపెన్ ఫ్రేమ్ మోటార్లు, అంటే అయస్కాంతం, తీగచుట్ట బయటికి కనబడేవి, రెండు దాటడం వింత కాదు. వాటికి మామూలు డీకోడర్ పెడితే నెలలోపే పొగ చూస్తారు. మోటారు మార్చాలంటే క్యాన్ మోటారుకు ఇంకో 30, 40 డాలర్లు. దాన్ని బిగించే చోటు సరిచేయడానికి ఒక ఆదివారం.

మూడోది వేర్పాటు. పాత ఇంజన్లను తయారుచేసినప్పుడు డీకోడర్ అనేది ఎవరి ఊహలోనూ లేదు. మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్షుల్లో ఒకటి లోహపు చట్రానికే తాకి ఉండేది, ఆ చట్రం ఒక పట్టాకు కలిసి ఉండేది. డీసీకి అది చాలు. డీసీసీలో మోటారుకు పట్టాతో నేరుగా ఏ సంబంధమూ ఉండకూడదు, మధ్యలో డీకోడర్ ఉండాలి. ఒక్క చోట తాకినా పట్టాలోని 14 వోల్టులు డీకోడర్ మోటారు కాళ్లలోకి వెనకనుంచి దూరతాయి. 30 డాలర్లు రెప్పపాటులో పోతాయి. కాబట్టి బ్రష్షుకూ చట్రానికీ మధ్య మల్టీమీటర్ పెట్టి చూసి, "బీప్" ఆగేదాకా డీకోడర్ కవర్ చింపకండి.

ఈ మూడింటిలో నెగ్గితేనే ఇంజన్ మీద డబ్బు పెట్టాలి. నా దగ్గరికి వచ్చి సలహా అడిగినవాళ్లలో చాలామంది డీకోడర్ ముందు కొనేసి, పరీక్షలు తర్వాత చేస్తామంటారు. పెళ్లి ముహూర్తం పెట్టాక జాతకాలు చూపించినట్టు.

దీపాల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. పాత చిన్న బల్బులు డీసీసీ పూర్తి వోల్టేజీ మీద వేడెక్కి ప్లాస్టిక్ పైకప్పును మెత్తబరుస్తాయి. వాటిని తీసేసి ఎల్‌ఈడీ, దానికి వరసలో వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. రెండూ కలిపినా డాలరు కాదు.

శబ్దం కావాలా, కదలిక చాలా?

శబ్దం లేని మామూలు డీకోడర్ 20 నుంచి 40 డాలర్లు. శబ్దం ఇచ్చేవి, సౌండ్‌ట్రాక్స్ సునామీ2, ఈఎస్‌యూ లోక్‌సౌండ్ 5 వంటివి, 100 నుంచి 130. వాటికి స్పీకర్ పదో పరకో. పాత ఇంజన్లలో చోటు తక్కువ కనుక ఫోన్లలో వచ్చే రకం చిన్న షుగర్ క్యూబ్ స్పీకర్లు బాగా పనికొస్తాయి. స్పీకర్ చుట్టూ గాలి చొరబడని డబ్బా ఉండాలి. డబ్బా లేకుండా పెడితే డీజిల్ ఇంజన్ బదులు దోమ వినబడుతుంది. స్పీకర్ ఎన్ని ఓమ్‌లుండాలో డీకోడర్ కాగితంలో రాసి ఉంటుంది, దాన్ని పాటించండి.

కీప్ అలైవ్ అనే చిన్న కెపాసిటర్ మూట ఇంకో 20, 30. పట్టా మీద మురికి తగిలి కరెంటు ఒక్క క్షణం తెగినా ఇంజను ఆగకుండా, శబ్దం మొదటికి రాకుండా కాపాడుతుంది. శబ్దం లేని ఇంజన్‌కు ఇది విలాసం. శబ్దం ఉన్న, అందులోనూ నాలుగు చక్రాలతోనే కరెంటు తీసుకునే చిన్న ఇంజన్‌కు దాదాపు తప్పనిసరి.

మరో దారి కూడా వచ్చింది. సౌండ్‌ట్రాక్స్ వాళ్ల బ్లూనామీలో బ్లూటూత్ ఉంటుంది, ఫోన్ యాప్ నుంచే నేరుగా నడపొచ్చు. డీకోడర్ ఖరీదు మామూలు సౌండ్ డీకోడర్ కంటే ఎక్కువ, 150 నుంచి 200 దాకా. కానీ కంట్రోల్ పెట్టె అక్కర్లేదు. పట్టాల్లో నిలకడగా కరెంటు ఉంటే చాలు. ఒకటీ రెండూ ఇంజన్లతో ఆగిపోదామనుకునేవాళ్లకు మొత్తం మీద ఇదే చవక. నాలుగో ఇంజన్ దగ్గర లెక్క తిరగబడుతుంది. అక్కడి నుంచి పెట్టె, మామూలు సౌండ్ డీకోడర్లే నయం. వెయ్యి అడుగుల పట్టా తుడవలేక విసిగినవాళ్లు ఇంజన్‌లోనో, దాని వెనక ఉండే బొగ్గు పెట్టె టెండర్‌లోనో లిథియం బ్యాటరీ పెట్టి పట్టాల కరెంటే లేకుండా నడుపుతారు. హెచ్‌వోలో దానికి చోటు దొరకడం కష్టం. పెద్ద స్కేళ్లలో, తోటలో వేసే రైళ్లలో అది చక్కగా కుదురుతుంది.

శబ్దం గురించి నా బలహీనత ఒకటి ఒప్పుకోవాలి. మా బాపు కాజీపేట డీజిల్ షెడ్డులో పనిచేశారు. మేం పెరిగింది డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్ల మధ్య. ఆ ఇంజన్ డిజైన్ అమెరికాలోని ఆల్కో కంపెనీది. మొదటివి 1962లో అక్కడినుంచే వచ్చాయి, తర్వాత వారణాసిలో తయారయ్యాయి. లోపల ఉండేది 16 సిలిండర్ల ఆల్కో 251. ఇక్కడ అమెరికాలో నడిచిన ఆల్కో ఆర్‌ఎస్-11లో అదే 251, పన్నెండు సిలిండర్లది. డీకోడర్ కంపెనీలు ఆ శబ్దాన్ని అమ్ముతున్నాయి. ఐడిల్‌లో ఆ "గుడగుడ" మొదటిసారి నా బల్ల మీద వినబడ్డప్పుడు బాపుకి వీడియో కాల్ చేసి వినిపించాను. ఆయన కాసేపు విని, "ఫ్యూయల్ ర్యాక్ సరిచేయమను" అన్నారు. అందుకని నేను చెప్పే లెక్కల్లో ఆల్కో ఇంజన్ల దగ్గర కొంచెం పక్షపాతం ఉంటుంది. తెలుసుకుని చదవండి.

సొంత చేయి, షాపు చేయి

పట్టిక వేయకుండా ఒక్క ఉదాహరణతో చూద్దాం. 24 డాలర్ల ఇంజను. మామూలు డీకోడర్ 30, ఎల్‌ఈడీలు, టేపు, తీగ కలిపి 6. సొంతంగా చేసుకుంటే 60 డాలర్లు. గేర్లు మార్చాల్సి వస్తే 70. ఇది మంచి బేరం.

అదే ఇంజన్‌కు శబ్దం పెడదాం. డీకోడర్ 115, స్పీకర్ 10, కీప్ అలైవ్ 25, చిల్లర 6, ఇంజను 24. మొత్తం 180. ఫ్యాక్టరీలోనే శబ్దంతో వచ్చే కొత్త హెచ్‌వో డీజిల్ 280 నుంచి 350 మధ్య ఉంటుంది కాబట్టి ఇంకా వంద మిగులుతున్నట్టే. కానీ ఈ పని షాపుకిస్తే పాత ఇంజను కనుక గంటల లెక్కన కూలి వేస్తారు. 80 అనుకుంటే 260. అప్పుడు మిగిలేది 20. కొత్తదానికైతే వారంటీ ఉంటుంది, నడక మెత్తగా ఉంటుంది, చేత్తో పట్టుకునే చిన్న కమ్మీలు కూడా తీగంత సన్నగా ఉంటాయి. పాతదాని మీద అచ్చులో పోసిన బండ గీతలే.

కాబట్టి నా తీర్పు ఇది. సోల్డరింగ్ చేయగలిగితే పాత ఇంజన్లకు రెండు రకాల డీకోడర్లూ గిట్టుతాయి. చేయలేకపోతే మామూలు డీకోడర్ గిట్టుతుంది, శబ్దం గిట్టదు. ఆ డబ్బుతో కొత్తది కొనుక్కోండి. పైపెచ్చు, పాతదానికి పెట్టిన ఖర్చు అమ్మేటప్పుడు తిరిగి వస్తుందని ఆశపడకండి. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత ట్రైన్ షో బల్లల దగ్గర రోజూ కనబడుతుంది. అవసరమైతే డీకోడర్‌ను పీకి ఇంకో ఇంజన్‌లో పెట్టుకోవచ్చు, అదొక్కటే ఊరట.

నేర్చుకోవడానికి పనిముట్ల ఖర్చు పెద్దదేం కాదు. వేడి సర్దుకునే సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్, కరెంటు పారనివ్వని పసుపు రంగు క్యాప్టన్ టేపు, సన్నటి తీగ. 80 డాలర్లలో అన్నీ వస్తాయి. మొదటి అభ్యాసం ఇంజన్ మీద చేయకండి. పాడైపోయిన ఛార్జర్ ఒకటి విప్పి దాని మీద చేయండి. పని పూర్తయ్యాక ఇంజన్‌ను నేరుగా మెయిన్ పట్టా మీద పెట్టొద్దు, ప్రోగ్రామింగ్ ట్రాక్ మీద, అంటే డీకోడర్ సెట్టింగుల కోసం విడిగా ఉంచే పట్టా ముక్క మీద పెట్టండి. అక్కడ కరెంటు చాలా తక్కువ వదులుతారు కనుక ఎక్కడైనా తీగ తాకినా డీకోడర్ బతుకుతుంది. అక్కడ డీకోడర్ తన నంబరు చెబితే, కొత్తదైతే అది 3, మీ వైరింగు సరిగా ఉన్నట్టే.

ఇక ఆ ఐదు ఇంజన్లు

మొదటిది అథర్న్ కంపెనీ నీలం డబ్బాలో అమ్మిన ఎస్‌డీ40-2 డీజిల్. అమెరికాలో ఏ ట్రైన్ షోకి వెళ్లినా మొదట కనబడేది ఈ నీలం డబ్బాలే. ఇది పాతకాలపు ట్రాక్టర్ లాంటిది. శబ్దం ఎక్కువ, బలం ఎక్కువ, విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. వేర్పాటు పని సులువు. మోటారు రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది, కింద నుంచి తోస్తే బయటికొస్తుంది. అడుగు బ్రష్షు పట్టీకి ఉన్న రెండు చిన్న కొమ్ములు చట్రానికి తాకుతుంటాయి. వాటిని కత్తిరించి, ఆ పట్టీకి బూడిద తీగ, పై పట్టీని చక్రాల నుంచి వచ్చే పట్టీతో విడదీసి దానికి నారింజ తీగ అతికి, చట్రం మీద క్యాప్టన్ టేపు వేస్తే వేర్పాటు అయిపోయింది. స్టాల్ కరెంట్ ఒక ఆంపియరుకు కాస్త అటుగా వచ్చింది, రెండుకు దూరమే. 30 డాలర్ల మామూలు డీకోడర్ పెట్టాం. శబ్దం పెట్టమని తమ్ముడు పట్టుబట్టాడు, నేను ఒప్పుకోలేదు. ఆ గేర్ల మోతలో సునామీ వినబడదు.

రెండోది 90ల చివరి నాటి ఆర్‌ఎస్-11. మూత తీయగానే మా ఇద్దరి మొహాలూ వెలిగాయి. లోపల 8 పిన్నుల సాకెట్ ఉంది. సాకెట్ ఉందంటే మోటారును ఫ్యాక్టరీలోనే వేరు చేశారన్నమాట. ఉన్న చిన్న ప్లగ్గు పీకి డీకోడర్ ప్లగ్గు గుచ్చడమే. తిరగేసి గుచ్చినా కొంపేం మునగదు. దీపాలు వెలగవు, ఇంజను వెనక్కి పోతుంది, తీసి సరిగా గుచ్చండి. మీరు పాతవి కొనేటప్పుడు మూత తీసి చూపించమని అడగడానికి కారణం ఈ సాకెట్టే. అది ఉంటే పది డాలర్లు ఎక్కువిచ్చినా నష్టం లేదు. దీనికి శబ్దం పెట్టాం. ఎందుకో పైన చెప్పాను కదా, పిట్ట కొంచెం, కూత ఘనం.

మూడోది జపాన్‌లో చేతితో చేసిన ఇత్తడి ఆవిరి ఇంజను. రంగు వేయలేదు, పెట్టె కూడా ఉంది. లోపల ఓపెన్ ఫ్రేమ్ మోటారు. దీన్ని మార్చాలంటే కొత్త మోటారు, డీకోడర్ టెండర్‌లో, ఇంజన్‌కూ టెండర్‌కూ మధ్య సన్నని తీగలు. 200 దాటే పని. వెయ్యకూడదా అంటే వెయ్యొచ్చు, కానీ ఇలాంటివాటిని సేకరించేవాళ్లుంటారు. వాళ్లకు అసలు మోటారు, అసలు పెట్టె, ముట్టుకోని ఇత్తడి కావాలి. మనం ఒక చోట రంధ్రం పెట్టామా, వాళ్లు మొహం తిప్పుకుంటారు. అమ్మేయమన్నాను. మొత్తం అట్టపెట్టె ధర దాని ఒక్కదాంట్లోనే తిరిగొచ్చింది, ఇంకా మిగిలింది కూడా. ఆ మిగిలినదే ఆర్‌ఎస్-11 శబ్దానికి ఖర్చయింది.

నాలుగోది పిల్లల సెట్టులోది. మోటారు చక్రాలు బిగించిన కింది భాగంలోనే, అంటే ట్రక్కులోనే, అప్పచ్చిలా ఇరుక్కుని ఉంటుంది. వేరు చేయడం కష్టం, చేసినా నడక మారదు. డీకోడర్ ధరకు ఇలాంటివి రెండు వస్తాయి. దీన్ని డీసీలోనే ఉంచాం. ఒక హెచ్చరిక: కొన్ని డీసీసీ పెట్టెలు సున్నా నంబరు మీద డీకోడర్ లేని ఇంజన్‌ను కూడా నడపనిస్తాయి. మోటారు ఆగి ఉన్నప్పుడు కూడా కీచుమంటూ వేడెక్కుతుంది, తీగచుట్ట లోపల ఇనుము లేని కోర్‌లెస్ మోటారైతే మాడిపోతుంది. డీసీ ఇంజన్లను డీసీసీ పట్టా మీద పెట్టకపోవడమే మంచిది.

ఐదోదాని సంగతి చివర్లో.

మూడు పట్టాలవాళ్లకు, బ్రిటన్‌వాళ్లకు, ఇండియాలో ఉన్నవాళ్లకు

లయనెల్ కంపెనీ పాత ఇంజన్లున్నవాళ్లు పైదంతా పక్కన పెట్టండి. వాళ్లది మూడు పట్టాల ఏసీ. లయనెల్ సొంత కమాండ్ పద్ధతి టీఎంసీసీ 1990ల మధ్యలో వచ్చింది. పాతవాటిని అందులోకి మార్చే బోర్డులను ఎలక్ట్రిక్ రైల్‌రోడ్ కంపెనీ పేరుతో అమ్మారు. పాతకాలపు ఏసీ మోటారుకు ఏసీ కమాండర్, డీసీ క్యాన్ మోటారుకు క్రూజ్ కమాండర్. ఏది కావాలో మోటారు చూసి తేల్చుకోవాలి, తారుమారైతే నడవదు. బోర్డే వంద డాలర్ల పైమాట, ఆజ్ఞలు పంపే బేస్ ఖర్చు వేరే. 1945 నుంచి 1969 మధ్య వచ్చిన, డబ్బాతో సహా ఉన్న ఇంజను మీ దగ్గరుంటే ముట్టుకోకండి. గీతలు పడి, చక్రాలు అరిగి, సేకరించేవాడు కన్నెత్తి చూడని వాటికే ఈ వైద్యం.

బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు దొరికేవి ట్రయాంగ్, హార్న్‌బీ కంపెనీల పాత ఇంజన్లు. వాటిలోని ఎక్స్04 మోటారులో రెండు బ్రష్షులనూ ఒకే స్ప్రింగు నొక్కి పడుతుంది, దాని ఒక కాలికే తొడుగు ఉంటుంది. రెండో కాలికి కూడా ప్లాస్టిక్ తొడుగు తొడిగితే వేర్పాటు అయిపోతుంది, కాణీ ఖర్చు లేదు. కరెంటు మాత్రం ఎక్కువ తింటుంది. పాత అయస్కాంతం బలహీనపడి ఉంటుంది, దాని స్థానంలో నియోడిమియం ముక్క పెడితే ఆకలి బాగా తగ్గుతుంది. మోటారుకు అడ్డంగా అతికి ఉండే చిన్న కెపాసిటర్‌ను తీసేయడం మరవకండి, అది డీకోడర్‌తో పొసగదు.

ఇండియాలో ఉన్నవాళ్లకు లెక్క వేరు. బొమ్మల దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. కొత్త ఇంజను బయటినుంచి తెప్పించుకోవడం అందుకే గుండె బరువైన పని. ఇంట్లో ఉన్న పాత ఇంజన్‌కు డీకోడర్ పెట్టుకోవడం అక్కడ అమెరికాలో కంటే ఎక్కువ గిట్టుతుంది. కంట్రోల్ పెట్టె ఎవరైనా అమెరికా నుంచి తెస్తుంటే అడాప్టర్ మీద 100-240 అని ఉందో లేదో చూడమనండి. 120 అని మాత్రమే ఉంటే అడాప్టర్ అక్కడే వదిలేసి రమ్మనండి, మన 230 వోల్టుల ప్లగ్గులో అది ఒక్క నిమిషం కూడా బతకదు. డీసీసీ-ఈఎక్స్ భాగాలైతే హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్స్ దుకాణాల చుట్టూ ఒక పూట తిరిగితే దొరుకుతాయి.

ఇక ఐదోది. 50ల నాటి అథర్న్, మోటారు నుంచి ఇరుసులకు గేర్లు లేవు, రబ్బరు బ్యాండ్లున్నాయి. నిజమే, రబ్బరు బ్యాండ్లే. నాబ్ కొంచెం తిప్పినా కప్పలా దూకుతుంది, మెల్లగా నడవడం దానికి తెలియదు. డీకోడర్‌కు తగినదే కాదు. తమ్ముడి ఐదేళ్ల కూతురికి మిగతా నాలుగింటికంటే అదే నచ్చింది. 12 డాలర్లకు ఒక పాత డీసీ కంట్రోలర్, గుండ్రటి పట్టా కొన్నాం. హాల్లో సోఫా కింద నుంచి అది రివ్వున వచ్చినప్పుడల్లా ఆ పిల్ల "కూ" అని తనే కూత వేస్తోంది.